పాత గిటారు కొనేముందు లోపలి వైరింగు చూడటం

చిరంజీవి మేనల్లుడికి,

బరంపురం నుంచి మామయ్య ఆశీస్సులు.

జయపురంలో ఎవరో పాత ఫెండర్ స్ట్రాటోకాస్టర్ (అమెరికా ఎలక్ట్రిక్ గిటారు, పొట్టిగా స్ట్రాట్) అమ్మకానికి పెట్టారనీ, అది 1964 మోడలని గట్టిగా చెబుతున్నారనీ రాశావు. ఆయన మాట నిజమే కావచ్చు. కానీ వెనక మెడ పలక మీది నంబరు చూపించి ఏడాది చెబితే తల ఊపకు. నాలుగు స్క్రూలు విప్పితే ఆ పలక ఊడొస్తుంది, ఇంకో గిటారుకి చక్కగా కూర్చుంటుంది. ఏడాది తేల్చాలంటే లోపలి వైరింగు చూడాలి, అందులోనూ ముందు టంకం చూడాలి, ఆ తరవాతే పాట్‌ల (వాల్యూమ్, టోన్ మీటల కింద ఉండే పొటెన్షియోమీటర్ల) మీది అంకెలు. ఎవరూ మళ్ళీ కాల్చని టంకం ఉంటే అంకెలు నమ్మొచ్చు. టంకం కదిలిందంటే ఆ పాట్ ఏ గిటారులోంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు.

విప్పకుండానే సగం పని అవుతుంది. డిజిటల్ మల్టీమీటరు, ఒక గిటారు కేబులు తీసుకెళ్ళు. కేబులు గిటారుకి తగిలించి, రెండో కొసన ప్లగ్గు మొన మీద మీటరు తీగ ఒకటి, ప్లగ్గు ఒంటి మీద ఇంకోటి పెట్టు. వాల్యూమ్, టోన్ నిండా తిప్పి ఉంచు. మీటరు 20 కె (కిలో ఓముల) రేంజిలో ఉండాలి. ఆ కాలం స్ట్రాట్ పికప్పులు (తీగల కదలికని కరెంటుగా మార్చే రాగి తీగ చుట్టలు) సుమారు 5.5 నుంచి 6.5 కిలో ఓముల మధ్య చూపిస్తాయి. పికప్పుకి అడ్డంగా 250 కె వాల్యూమ్ పాట్ కూడా ఉంటుంది కాబట్టి నిజానికి 6.0 ఉన్నది నీకు 5.86గా కనిపిస్తుంది, దానికి కంగారు పడకు. ఇంకో సంగతి, ఇది మన ఎండలకి బాగా వర్తిస్తుంది. రాగి తీగ నిరోధం ప్రతి డిగ్రీకి 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. 20 డిగ్రీల గదిలో 6.0 చూపించే పికప్పు మే నెలలో 40 డిగ్రీల గదిలో 6.47 చూపిస్తుంది. చలిదేశం వాళ్ళు రాసిన పట్టికతో పోల్చి "ఇది మళ్ళీ చుట్టిన పికప్పు" అని తేల్చేయకు. ముందు గది వేడి రాసుకో.

పికప్పు తీగ లోపల తెగి ఉంటే 20 కె రేంజిలో మీటరు ఎడమ పక్క ఒంటరిగా 1 వేసి ఊరుకుంటుంది. రేంజి పెంచితే 250 కె దగ్గర ఆగుతుంది. అది వాల్యూమ్ పాట్ విలువ, పికప్పుది కాదు. ఏ పికప్పు పలకాలో ఎంచుకునే స్విచ్చి కూడా అప్పుడే చూడు. 64 స్ట్రాట్‌కి మూడు స్థానాలే ఉండాలి. ఫెండర్ ఐదు స్థానాల స్విచ్చి పెట్టడం 1977లో మొదలెట్టింది. ఐదు ఉంటే గిటారు నకిలీదని కాదు, స్విచ్చి మార్చారని అర్థం. వాయించేవాళ్ళు మధ్య స్థానాల శబ్దం కోసం చాలామంది మార్చుకున్నారు. ధర మాత్రం తగ్గాలి.

ఇక విప్పడం. ముందు వాయించే తీగలు బాగా వదులు చెయ్యి. పిక్‌గార్డుకి (పికప్పులు, పాట్‌లు బిగించిన ముందు పలకకి) 11 స్క్రూలుండాలి. 8 ఉంటే అది 1959కి ముందు పద్ధతి, 64 అన్న మాటతో పొసగదు. ఆ రోజుల తెల్ల పిక్‌గార్డు సెల్యులాయిడ్, కాలంతో కాస్త ఆకుపచ్చ ఛాయ వస్తుంది, పైగా కుంచించుకుపోతుంది. అందుకే స్క్రూ రంధ్రాల దగ్గర బీటలు వారుతుంది. స్క్రూడ్రైవరు మొన స్క్రూ గాడిలో నిండుగా కూర్చోకపోతే పని మొదలెట్టకు. తీసిన ప్రతి స్క్రూనీ అట్టముక్క మీద అదే చోట గుచ్చి ఉంచు. పిక్‌గార్డు ఎత్తేటప్పుడు ఒక్కసారిగా లాగొద్దు. జాక్‌కి (కేబులు గుచ్చే చోటుకి) వెళ్ళే రెండు తీగలు, వెనక స్ప్రింగుల పంజాకి వెళ్ళే ఎర్త్ తీగ దాన్ని పట్టుకుని ఉంటాయి. పక్కన తువ్వాలు పరిచి నెమ్మదిగా బోర్లించు. కనపడగానే ఫోటో తియ్యి. ఆ తరవాతే వేలు పెట్టు.

పాట్ వీపు మీద గానీ అంచు మీద గానీ అంకెలుంటాయి. టార్చి పక్క నుంచి ఏటవాలుగా కొడితే తేలతాయి. ఉప్పుకాగితం గీకడం, మురికి గోకడం అస్సలొద్దు. మొదటి మూడంకెలు తయారీదారువి: 137 అంటే సీటీఎస్, 304 అంటే స్టాక్‌పోల్, 134 అంటే సెంట్రలాబ్. మొత్తం ఏడంకెలుంటే తరవాతి రెండు ఏడాది, చివరి రెండు వారం. 1376419 అంటే సీటీఎస్, 1964, 19వ వారం, అంటే మే మొదట్లో. ఆరంకెలే ఉంటే నాలుగోది ఏడాది చివరి అంకె. 304731 అంటే 1957, 31వ వారం. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఏడంకెల్లో ఒకటి టంకం కింద దాక్కుంటే ఆరంకెలనుకుని ఒక దశాబ్దం వెనక్కి వెళ్ళిపోతారు. వారం అంకె 52 దాటిందంటే నువ్వు తప్పు చదివావనే అనుకో.

పాట్ మీది తేదీ పాట్ పుట్టిన రోజు, గిటారు పుట్టిన రోజు కాదు. గిటారు అంతకంటే ముందు కట్టి ఉండదు, అంతే. తరవాత ఎన్నాళ్ళకైనా కట్టి ఉండొచ్చు. ఫెండర్‌లో 1966 పాట్‌లు పెద్ద మొత్తంలో కొన్నారు, అవి 1960ల చివరిదాకా గిటార్లలో వాడుతూనే ఉన్నారు. కాబట్టి 66 పాట్ చూసి 66 గిటారనుకున్నవాడు 68 గిటారుకి ఎక్కువ పెట్టేస్తాడు. నీ గిటారులో మూడు పాట్‌ల తేదీలూ కొద్ది వారాల తేడాలో ఉంటే సంతోషం. రెండు 64, ఒకటి 72 అయితే ఆ ఒకటీ మార్చింది.

టంకం దగ్గర బాగా సమయం తీసుకో. పాతది బూడిద రంగుకి తిరిగి, మీద సన్నటి దుమ్ము పొర అంటుకుని ఉంటుంది. కొత్తగా వేసింది మెరుస్తుంది, చుట్టూ అంబర్ రంగులో ఫ్లక్సు జిగురు మిగిలి ఉంటుంది. పాట్ వీపు మీద ఒకచోట ముద్ద ఉండి, పక్కనే ఖాళీగా మరో టంకం మరక కనిపిస్తే తీగ ఒకప్పుడు అక్కడ ఉండేది. పాట్ కాళ్ళు వంగి ఉన్నా, తీగ గుడ్డ కాలి నల్లబడి ఉన్నా అదే కథ. 64 ఫెండర్‌లో తీగకి గుడ్డ తొడుగుండాలి. ప్లాస్టిక్ తొడుగు 1968 ప్రాంతంలో వచ్చింది. కండెన్సరు సెరామిక్ బిళ్ళ అయి ఉండాలి. మైనం పట్టించిన కాగితం గొట్టంలాంటిది 50ల నాటిది. పికప్పు అడుగు అట్ట 1964-65 ప్రాంతంలో నలుపు నుంచి బూడిద రంగుకి మారింది, ఆ బూడిద అట్ట మీద తరచు తేదీ చేత్తో రాసో, ముద్ర వేసో ఉంటుంది. అట్ట చూడటానికి పికప్పు స్క్రూలు తిప్పాల్సివస్తే, పికప్పు చుట్ట తీగ మొదలు చాలా సన్నమని గుర్తుంచుకో. దాన్ని తాకొద్దు.

రేపు గిబ్సన్ కంపెనీ గిటారు చేతికొస్తే లెక్క వేరు. పాట్‌లు ఎక్కువగా 500 కె, కానీ 70ల్లో 300, 100 కె కూడా వాడారు. పాట్ మీద గిబ్సన్ సొంత పార్టు నంబరు ఉంటే దాన్ని తేదీ అనుకోకు. హంబకర్ (రెండు చుట్టల పికప్పు) వెనక పేటెంట్ నంబరు 2,737,842 అని ఉంటే నకిలీ అనుకునేవాళ్ళున్నారు. ఆ నంబరు గిటారిస్టు లెస్ పాల్ పేర ఉన్న తీగల బ్రిడ్జి పేటెంటుది, గిబ్సన్ వాళ్ళే దాన్ని పికప్పులకి అంటించారు. అసలు హంబకర్ పేటెంటు 2,896,491, గిబ్సన్ ఇంజినీరు సెత్ లవర్ పేర 1959లో వచ్చింది.

మన వైపు తరచు దొరికేవి కలకత్తా గివ్సన్‌లు, జపాన్ టెయిస్కోలు. వాటిలో ఈ అమెరికా కోడ్ల కోసం వెతకడం దండగ.

సముద్రం ఒడ్డున గోపాలపురం పక్క ఇళ్ళలో పెట్టిన గిటారైతే జాక్ లోపలి రేకు మీద పచ్చటి చిలుము ఉంటుంది. గరగర శబ్దానికి సగం కారణం అదే. పాట్ గరగరమంటే కాంటాక్ట్ క్లీనరు దాని పక్కనున్న సందులోకి రెండు చుక్కలు వేసి పాతిక ముప్పై సార్లు అటూ ఇటూ తిప్పు. ఒంటి పాలిష్ మీద పడనీయకు, పాత లక్కర్ కరిగిపోవచ్చు. తుప్పు వదిలించే నూనె స్ప్రేలు వాడితే నూనె లోపల దుమ్ము పట్టి ఇంకా పాడవుతుంది.

అమ్మే ఆయన దగ్గర పాత అమెరికా యాంప్ కూడా ఉంటే అది 117 ఓల్టులది, మన 230లో నేరుగా పెట్టొద్దు. తగిన స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు ఉండాలి. ఇంటి ఎర్త్ పిన్ను చాలాచోట్ల ఉత్తదే. స్ప్రింగుల పంజా ద్వారా గిటారు తీగలు యాంప్ ఒంటికి కలిసి ఉంటాయి, కాబట్టి వాయించేముందు తీగకీ మైకు జాలికీ మధ్య మీటరుతో ఏసీ ఓల్టేజి చూడు. పదుల ఓల్టులు కనిపిస్తే ప్లగ్గు తీసెయ్, పెదవి మైకు దగ్గరికి వెళ్ళకూడదు.

చూసినంతా ఫోటోలు తీసి నాకు పంపు: మూడు పాట్‌ల అంకెలు ఒక్కొక్కటి విడిగా, ప్రతి టంకం చుక్క, స్విచ్చి పక్క నుంచి, పికప్పుల అడుగు, మెడ విప్పనిస్తే దాని మడమ (ఒంటిలో కూర్చునే కొస) మీది ముద్ర. అవి నేను చూసి రాసేదాకా ఒక్క రూపాయి అడ్వాన్సు కూడా ఇవ్వకు.

ఇట్లు
నీ మామయ్య