యుగళగీతంలో వినవలసిన చోటు

మీరు రెండు విషయాలు అడిగారు. పేరున్న ఇద్దరు గాయకులు కలిసి పాడినా కొన్ని పాటలే ఎందుకు నిలుస్తాయి, నాకు గొప్పగా తోచినవి ఏవి అన్నది మొదటిది. మీ చెల్లెలి పెళ్లి రిసెప్షన్‌లో మీరూ మీ భార్యా పాడడానికి ఏ పాట బాగుంటుంది అన్నది రెండోది. మొదటిదానికి నా సమాధానం ఇది: ఒక గొంతు ఆగి రెండో గొంతు అందుకునే చోట వినండి. పాట నిలిచేదీ జారిపోయేదీ అక్కడే.

నేను పెళ్లికి ముందు నుంచీ తిరుపతిలో ఆర్కెస్ట్రాలో పాడేదాన్ని. కల్యాణ మండపాలు, గంగమ్మ జాతర పందిళ్లు, చిత్తూరు, మదనపల్లె, శ్రీకాళహస్తిలో వినాయక చవితి కార్యక్రమాలు, ఎక్కడికి పిలిస్తే అక్కడికి వెళ్లేవాళ్లం. ఇప్పుడు ఇంట్లోనే పిల్లలకు సంగీతం చెబుతున్నాను. లీల గారి పాటలు, జిక్కి గారివి, సుశీల గారివి, జానకి గారివి నా వంతుకు వచ్చేవి. పక్కన పాడే గాయకులు మాత్రం మారుతూ ఉండేవారు. ఒకే పాటను వేర్వేరు గొంతుల పక్కన నిలబడి పాడితే, బయట కూర్చుని వినేవారికి తెలియని సంగతులు కొన్ని తెలుస్తాయి.

అందులో మొదటిది శ్రుతి, అంటే పాట మొత్తానికీ ఆధారంగా పెట్టుకునే స్వరం; దాని అంకె పెరిగేకొద్దీ స్థాయి పెరుగుతుంది. మగవారు సాధారణంగా ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో హాయిగా పాడతారు. ఆడవారికి నాలుగున్నర నుంచి అయిదున్నర దాకా కావాలి. యుగళగీతానికి శ్రుతి ఒక్కటే. పల్లవి ఆయనకు ఒక శ్రుతిలో, చరణం ఈమెకు మరో శ్రుతిలో అంటే కుదరదు. కాబట్టి ఎవరో ఒకరు ఇబ్బంది పడాలి. ఆయన పై స్థాయికి వెళితే గొంతు బిగుసుకుంటుంది, ఈమె కిందికి దిగితే గొంతు పలచబడుతుంది. మంచి సంగీత దర్శకుడు ఆ ఇబ్బందిని ఇద్దరికీ సమంగా పంచుతాడు. మంచి గాయకులు అది బయటికి కనపడనివ్వరు. పైగా పాత రోజుల్లో మద్రాసు స్టూడియోలలో గాయకులూ వాద్యబృందమూ కలిసే రికార్డు చేసేవారు. చివరి చరణంలో ఎవరు తడబడినా అందరూ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టవలసిందే. రెండో మనిషి పాడుతున్నంతసేపూ మొదటి మనిషి చెవులు అప్పగించి నిలబడేవారు. ఆ శ్రద్ధ రికార్డులో వినిపిస్తుంది.

ఇక పాటల సంగతి. మొదట మన ప్రాంతానికి చెందిన ఇద్దరి గురించి చెప్పాలి. ఎ.ఎం. రాజా 1929లో చిత్తూరు జిల్లాలో పుట్టారు. ఆయన భార్య జిక్కి, అసలు పేరు కృష్ణవేణి, మద్రాసులో పుట్టినా వాళ్ల అమ్మానాన్నలది ఇక్కడి చంద్రగిరి. బతుకుదెరువు కోసం మద్రాసు వెళ్లిన కుటుంబం. చంద్రగిరి కోట చూడడానికి ఇంతమంది వస్తారు, ఆ ఊరి మూలాలున్న గొంతు గురించి మాత్రం ఎవరూ అడగరు. నాకు అది నిజంగా బాధగా ఉంటుంది.

జిక్కి పాడిన యుగళగీతాలలో నేను అన్నిటికన్నా పైన పెట్టేది ‘హాయి హాయిగా ఆమని సాగే’. 1957 నాటి ‘సువర్ణసుందరి’లోనిది, ఆదినారాయణరావు సంగీతం. అది రాగమాలిక, అంటే ఒకే పాటలో రాగాలు మారుతూ సాగేది: సోహిని, బహార్, జౌన్‌పురి, యమన్. రాగం మారిన ప్రతిసారీ ఇద్దరూ ఒక్క క్షణంలో కొత్త రాగంలోకి వెళ్లిపోవాలి. ఒకరు పాత రాగం ఛాయ మోసుకొచ్చినా రెండోవారికి చోటు ఉండదు. ఇందులో ఆమెతో పాడిన ఘంటసాల అప్పటికే పేరు స్థిరపడిన గాయకుడు, సంగీత దర్శకుడు కూడా. అంతటి గొంతు పక్కన జిక్కి ఎక్కడా తగ్గరు, ఎక్కడా పోటీ పడరు. ఆయన ఆలాపన ఏ ఒరవడిలో వదిలారో అదే ఒరవడిలో అందుకుని, తన వంతు కాగానే అంతే తేలికగా వదులుతారు. అదే చిత్రం హిందీలో తీసినప్పుడు అదే సంగీత దర్శకుడికి ఈ పాటను లతా మంగేష్కర్, మహమ్మద్ రఫీ పాడారు. రెండూ పక్కపక్కన పెట్టి వినండి. హిందీ పాటలో లత గొంతు పక్షిలా ఎగురుతుంది, నేను కాదనను. తెలుగు పాటలో నాకు నచ్చేది ఇద్దరి మధ్య ఉన్న సమానత్వం. ఇది నా ఊరి అభిమానం అని మీరు అనుకోవచ్చు. కానీ ఆ పాటను వేదిక మీద పాడి చూసినవారెవరైనా జిక్కి ఎంత కష్టమైన పని ఎంత సులువుగా చేశారో ఒప్పుకుంటారు.

రాజా గొంతు తీరు వేరు. ఆయన ఎప్పుడూ గట్టిగా పాడరు. మాట చెవి దగ్గర చెబుతున్నట్లు ఉంటుంది. అలాంటి గొంతు పక్కన పాడడం కష్టం, ఎందుకంటే మనం కొంచెం బలం పెట్టినా ఆయన కనపడకుండా పోతారు. 1954లో ‘విప్రనారాయణ’లో భానుమతి గారితో ‘మధుర మధురమీ చల్లని రేయీ’ పాడారు. భానుమతి గారిది ఎంత నిబ్బరమైన గొంతో అందరికీ తెలుసు. ఆ పాటలో మాత్రం ఆమె తన బలాన్నంతా పట్టి ఉంచి, ఆయన మెత్తదనానికి సరిపడా పాడారు. మరుసటి ఏడాది ‘మిస్సమ్మ’లో లీల గారితో ‘రావోయి చందమామ’. ఇద్దరూ ఒకరిమీద ఒకరు చందమామకు ఫిర్యాదు చేసుకునే పాట అది. అంటే ఒకరితో ఒకరు మాట్లాడకూడదు, కానీ ఒకరి మాట ఒకరికి వినపడుతూనే ఉండాలి. ఆయన ఫిర్యాదు ముగిసీ ముగియక ముందే లీల గారి గొంతులో చిన్న ఉడుకుమోత్తనం తొంగిచూస్తుంది. అది స్వరంలో రాసి ఇచ్చేది కాదు. పక్కవారు పాడింది విన్నవారికే వస్తుంది.

1960లో వచ్చిన ‘పెళ్లికానుక’కు రాజాయే సంగీత దర్శకుడు. తనూ సుశీల గారూ కలిసి ‘కన్నులతో పలుకరించు వలపులు’ పాడి, ‘పులకించని మది పులకించు’ను జిక్కికి ఇచ్చారు. ఆ రెండోది యుగళగీతం కాకపోయినా నేను దాన్ని ఇద్దరి పాటగానే వింటాను. ఆమె గొంతు ఎక్కడ వెలుగుతుందో తెలిసిన మనిషి కట్టిన బాణీ అది. రాజా 1989లో రైలు ప్రమాదంలో పోయారు. జిక్కి 2004 వరకూ ఉన్నారు.

యుగళగీతం అనగానే ఆడ, మగ అనే అనుకుంటాం. నాకు అన్నిటికన్నా కష్టమనిపించినవి ఇద్దరు ఆడవాళ్లు ఒకే స్థాయిలో కలిసి పాడేవి. 1963 నాటి ‘లవకుశ’లో లీల గారూ సుశీల గారూ కవల పిల్లలకు పాడారు, ఘంటసాల సంగీతంలో. ‘రామకథను వినరయ్యా’ ఒకసారి కళ్లు మూసుకుని వినండి. లీల గారిది శాస్త్రీయ సంగీతంతో రాటుదేలిన నిండు గొంతు, సుశీల గారిది సన్నని తీపి గొంతు. విడిగా వింటే ఎవరైనా గుర్తుపడతారు. కలిసి పాడినప్పుడు మాత్రం ఇద్దరన్నదమ్ములు ఒకే గురువు దగ్గర నేర్చుకున్నట్లు ఉంటుంది. గమకం (స్వరాన్ని ఊపుతూ పలికే తీరు) ఎంతసేపు ఊగాలి, పదం చివరి అచ్చు ఎక్కడ ఆపాలి అన్నవి వెంట్రుకవాసి తేడా లేకుండా కలిశాయి. లీల గారి మాతృభాష మలయాళం అన్నది గుర్తుంచుకుంటే ఇంకా ఆశ్చర్యం కలుగుతుంది. (ఆమె పుట్టింది చిత్తూరులో అని విని మావాళ్లు సంబరపడుతుంటారు. అది కేరళలో పాలక్కాడ్ దగ్గరి చిత్తూరు, మనది కాదు.) శ్రీరామనవమికి మా పిన్ని కూతురూ నేనూ ఆ పాట పాడేవాళ్లం. బాణీ త్వరగానే వచ్చింది. ఇద్దరం ఒకే చోట ఊపిరి తీసుకోవడం రావడానికే చాలాకాలం పట్టింది. ఇప్పుడు నా దగ్గరికి వచ్చే పిల్లలకు స్వరం కన్నా ముందు ఊపిరి గుర్తులు పెట్టుకోమని చెప్పడం అక్కడి నుంచే అలవాటైంది.

బాలు గారిని, అంటే ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారిని వదిలి తిరుపతివాళ్లు ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేరు. ఆయన చిన్నప్పుడు నగరిలో, తర్వాత శ్రీకాళహస్తిలో చదివారు, పీయూసీ ఇక్కడే తిరుపతి ఆర్ట్స్ కాలేజీలో. 1966 డిసెంబరులో ఆయన రికార్డు చేసిన మొదటి సినిమా పాట ఒంటరిది కాదు. ‘శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న’ కోసం సంగీత దర్శకుడు కోదండపాణి గారు సుశీల, పి.బి. శ్రీనివాస్, ఈలపాట రఘురామయ్యల పక్కన ఈ ఇరవై ఏళ్ల కుర్రవాణ్ని నిలబెట్టి పాడించారు. మూడేళ్ల తర్వాత 1969లో ‘ఏకవీర’లో ఏకంగా ఘంటసాలతోనే ‘ప్రతి రాత్రి వసంత రాత్రి’. మహదేవన్ సంగీతం. ఎన్టీ రామారావుకు ఘంటసాల, కాంతారావుకు బాలు. ఇద్దరి మధ్య 23 ఏళ్లకు పైగా వయసు తేడా. ఈ పాటలో నేను పదే పదే వినేది ఘంటసాలనే. ఆయన తలచుకుంటే ఒక్క గమకంతో ఆ కుర్రవాణ్ని చిన్నబుచ్చగలరు. ఆ పని చేయలేదు. గొంతు నిండుగా ఉంచి కూడా తన పంక్తిని ఎంతో సాదాగా ముగించి వదిలారు, తర్వాతివాడు నిలబడడానికి నేల చదును చేసి ఇచ్చినట్లు. బాలు గారు దాని మీద నిలబడి తన లేత గొంతుతోనే పాడారు, ఆయన్ని అనుకరించలేదు. ఈ ప్రశ్నకు ఒకే ఒక్క పాట చెప్పమంటే నేను దీన్నే చెబుతాను.

జానకి గారితో బాలు గారి పాటలు మీకు తెలిసే ఉంటాయి కాబట్టి ఎక్కువ చెప్పను. ‘సాగర సంగమం’లోని ‘మౌనమేలనోయి’ మాత్రం ఒకసారి హెడ్‌ఫోను పెట్టుకుని, పాట మీద కాక విరామాల మీద మనసు పెట్టి వినండి. జానకి గారి మరో జంటను మరిచిపోతున్నారు జనం. 1962లో ‘మురిపించే మువ్వలు’లో ‘నీలీల పాడెద దేవా’కు ఆమె జంట గాయకుడు కాదు, కారుకురిచ్చి అరుణాచలం గారి నాదస్వరం. రాగం ఆభేరి. నాదస్వరం ఆరుబయట, ఊరేగింపులో, దూరానికి వినపడడానికి పుట్టిన వాద్యం. మాడవీధుల్లో స్వామివారి ముందు అది మోగుతుంటే పక్కమనిషి మాట వినపడదు. అలాంటి వాద్యం అడిగినదానికల్లా ఆడగొంతు బదులు చెప్పాలి, దాని ఊపిరికి తన ఊపిరి చాలాలి. మన దేవస్థానంవారి పాఠశాలలో నాదస్వరం నేర్చుకుని వచ్చిన అబ్బాయితో ఆ పాట కొంత ప్రయత్నించాను. వాద్యం పలికిన ప్రతి జారుడునూ గొంతు మళ్లీ పలకాలంటే ఎంత సాధన కావాలో అప్పుడు అర్థమైంది. జానకి గారి మీద గౌరవం వంద రెట్లు పెరిగింది.

తిరుపతిలో ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారి కంచు విగ్రహం మీరు చూసే ఉంటారు. ఆమె పాటను అందరూ ఒకే గొంతుగా తలచుకుంటారు. కచేరీల్లో ఏళ్ల తరబడి ఆమె పక్కన కుమార్తె రాధా విశ్వనాథన్ పాడేవారు. అన్నమయ్య కీర్తనల రికార్డులు శ్రద్ధగా వింటే, పెద్ద గొంతు వెనకే నీడలా సాగే ఆ రెండో గొంతు పట్టుబడుతుంది. తనను తాను ముందుకు తెచ్చుకోకుండా అన్నేళ్లు పాడడం కూడా గొప్ప విద్యే.

తర్వాత ట్రాక్ పద్ధతి వచ్చింది. ఒకరు ఈరోజు చెన్నైలో, ఒకరు వచ్చే వారం హైదరాబాదులో పాడితే కంప్యూటర్‌లో కలుపుతారు. అలా కూడా మంచి పాటలు వచ్చాయి. కానీ గొంతు అందుకునే చోట మాత్రం నాకు చాలాసార్లు వెలితిగా ఉంటుంది. రెండు గొంతులూ శుభ్రంగా ఉంటాయి, ఒకదానివల్ల రెండోది మారినట్లు ఉండదు.

ఇక మీ రిసెప్షన్ సంగతి. ‘హాయి హాయిగా’ జోలికి ఇప్పుడే వెళ్లకండి, సాధన లేకుండా అది సాగదు. ‘రావోయి చందమామ’ పాడండి. భార్యాభర్తలు పాడితే జనం నవ్వుతారు, పెద్దవాళ్లు గొంతు కలుపుతారు, పై స్వరాలు మరీ ఇబ్బంది పెట్టవు. ముందు పల్లవి కాదు, చరణంలో అన్నిటికన్నా పైకి వెళ్లే పంక్తిని ఇద్దరూ పాడి చూసుకుని, అది ఇద్దరికీ అందే శ్రుతిని ఖాయం చేసుకోండి. మీ భార్య పాడుతున్నప్పుడు మీరు ఫోనులో మీ వంతు సాహిత్యం వెతుక్కోకండి, ఆమెనే వినండి. ఆమెకూ అదే చెప్పండి. ఒకరికొకరు కనపడేలా కొంచెం పక్కకు తిరిగి నిలబడి, రెండు మైకులు అడగండి. ఖాయం చేసుకున్న శ్రుతిని కీబోర్డు వాయించేవారికి ముందురోజే చెప్పి, ఒక్కసారైనా వాయించి వినిపించమనండి. రిసెప్షన్ మొదలయ్యాక ఆయనకు మీతో మాట్లాడే తీరిక ఉండదు.