మాది విజయవాడలో అపార్ట్‌మెంట్. రంగు వేశాక జుట్టు గరుకెక్కింది. కండిషనర్ రాస్తే బాగవుతుందా?

బాగవదు, కప్పుతుందంతే. పర్మనెంట్ కలర్‌లోని అమోనియా వెంట్రుక పైపొర పొలుసులను ఉబ్బించి తెరుస్తుంది. రంగులో కలిపే పెరాక్సైడ్ (సాధారణంగా 6 శాతం) లోపలికెళ్లి జుట్టు సహజ రంగైన మెలనిన్‌ను విరగ్గొడుతుంది, చిన్న రంగు అణువులను అక్కడే పెద్దవిగా కలుపుతుంది. అందుకే తలస్నానానికి రంగు పోదు. ఈ పనిలో పైపొర మీది సహజ కొవ్వు పూత ఊడిపోతుంది. మీ గరుకు అదే.

దెబ్బతిన్న చోట రుణావేశం (నెగటివ్ చార్జ్) ఎక్కువ. కండిషనర్‌లోని ధనావేశ పదార్థాలు సరిగ్గా అక్కడే అంటుకుని నునుపు తెస్తాయి, తర్వాతి షాంపూకి చాలావరకు పోతాయి. మీ విజయవాడ అపార్ట్‌మెంట్‌లో వచ్చేది ఉప్పు బోరునీళ్లయితే కాల్షియం కూడా ఆ చోట్లే పేరుకుంటుంది. ఆఖరి చెంబులు మున్సిపల్ నీళ్లవి పోసుకోండి.

కండిషనర్ మాడుకు వద్దు, చివర్లకు 2-3 నిమిషాలు చాలు. ప్రతిసారీ జుట్టంతా రంగెందుకు? పెరిగిన మొదళ్లకే వేయండి. 'అమోనియా లేదు' అన్న డబ్బాలో చాలాసార్లు ఇథనాలమైన్ ఉంటుంది, అదీ అమోనియాలాగే పొలుసులను తెరిచే క్షారమే.