పాఠకుల ప్రశ్నలు: మెక్సికోలో శాకాహారులకు కుదురుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు ఉద్యోగరీత్యా మెక్సికో నగరంలో ఉంటున్నారు. అక్టోబరులో వెళ్లి రెండు నెలలు ఉండి రావాలనుకుంటున్నాం. మేము శాకాహారులం. బయట తినడానికి వీలుంటుందా? (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: వీలుంటుందండీ. కాకపోతే అక్కడ కంటికి శాకాహారంలా కనిపించేదంతా శాకాహారం కాదు. ఫ్రిహోలెస్ అనే చిక్కుడు గింజల ముద్దను చాలాచోట్ల పంది కొవ్వుతో వేయిస్తారు, అన్నాన్ని కోడిమాంసం ఉడికించిన నీళ్లతో వండుతారు. మేము వెళ్లిన కొత్తలో ఒక చిన్న భోజనశాలలో "మాంసం వద్దు" అని రెండుసార్లు చెప్పినా, ఆ ఇల్లాలు అన్నం వడ్డించి, ఇందులో మాంసం లేదు, ఉన్నది కోడి రసమేనని ఎంతో ఆప్యాయంగా చెప్పింది. మాంసాన్ని అక్కడి స్పానిష్ భాషలో "కార్నె" అంటారు కాని, ఆ మాట వింటే చాలామందికి పశుమాంసమే గుర్తుకు వస్తుంది. అందుకని "సిన్ కార్నె" అని ఊరుకోకుండా "సిన్ పోయో, సిన్ మాంతేకా" అని, అంటే కోడి వద్దు, పంది కొవ్వు వద్దు అని విడివిడిగా చెప్పండి.

మొక్కజొన్న రొట్టె, అంటే తోర్తియా, మీకు తప్పకుండా నచ్చుతుంది. మొక్కజొన్న గింజలను సున్నపు నీటిలో ఉడికించి, రాత్రంతా నాననిచ్చి, కడిగి రుబ్బుతారు. మనం తమలపాకుకు రాసుకునే సున్నం లాంటిదే అది. దానివల్ల పిండి సాగి రొట్టెకు అనువుగా మారుతుంది, గింజలో బందీగా ఉన్న నియాసిన్ అనే విటమిన్ కూడా ఒంటికి పడుతుంది. మొక్కజొన్నను తీసుకువెళ్లి ఈ సున్నం పద్ధతిని మాత్రం అక్కడే వదిలేసిన ఐరోపాలో, ఆ పిండే ఆధారంగా బతికిన పేదలకు పెల్లాగ్రా అనే జబ్బు వచ్చింది. ఈ రొట్టెలను వీధి చివరి దుకాణంలో కిలోల లెక్కన తూచి, కాగితంలో చుట్టి ఇస్తారు. ఇంటికి తెచ్చేలోపు ఒకటి తినకుండా ఉండగలిగినవారిని నేను చూడలేదు.

ప్రధాన భోజనం మధ్యాహ్నం రెండు, నాలుగు గంటల మధ్య ఉంటుంది. ముందు సూపు, తరువాత అన్నం, ఆ తరువాత అసలు వంటకం వస్తాయి. విడిగా వడ్డించే ఆ అన్నాన్ని వాళ్లు "పొడి సూపు" అంటారు! తోడుగా ఇచ్చే ఎర్రటి పానీయం పేరు హమైకా. అది ఎండబెట్టిన ఎర్ర గోంగూర కాయల రేకులను నీటిలో కాచి, పంచదార కలిపి చేసినదే కనుక మీ నాలుకకు చుట్టరికం వెంటనే తెలిసిపోతుంది. లేచి వెళ్లేటప్పుడు పక్కబల్ల వారితో, ముక్కూమొహం తెలియకపోయినా, "ప్రొవేచో" అనాలి. హాయిగా భోంచేయండి అని దాని భావం.

మరొక్క మాట. ఆ నగరం 2,240 మీటర్ల ఎత్తున ఉంది. నీరు సుమారు 93 డిగ్రీలకే మరుగుతుంది కనుక కుక్కర్ లేకుండా కందిపప్పు ఉడకడానికి చాలా ఆలస్యమవుతుంది. మీ అమ్మాయి ఇంట్లో కుక్కర్ ఉందో లేదో ముందే అడగండి.

ప్రశ్న: కుళాయి బాగుచేసే మనిషి "అహొరీతా" అని చెప్పి మరునాడు వచ్చాడని మా తమ్ముడు ఫోనులో వాపోయాడు. ఆ మాటకు అర్థమేమిటి? (ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: "ఇప్పుడే" అనే మాటకు ముద్దురూపం. మనం "ఇదిగో, బయలుదేరాను" అని చెప్పి స్నానానికి వెళ్లడం లాంటిదే కాబట్టి మీ తమ్ముడికి కొత్తగా నేర్పవలసిందేమీ లేదు.

ప్రశ్న: నవంబరు మొదట్లో మెక్సికోలో ఎక్కడ చూసినా పుర్రెల బొమ్మలేనట. వెంట వచ్చే పిల్లలు భయపడరా? (ఒక పాఠకురాలు, విజయనగరం)

జవాబు: భయపడరు, పైగా తింటారు. ఆ పుర్రెల్లో చాలామటుకు పంచదారవే, నుదుటి మీద బతికున్నవారి పేరు రాయించి కానుకగా ఇస్తారు. అది పోయినవారిని తలచుకునే పండుగ. పోయిన పిల్లలు నవంబరు 1న, పోయిన పెద్దలు 2న ఇంటికి వస్తారని నమ్మకం. మన పెద్దల అమావాస్య లాంటిదే కాని, ఏడుపు ఛాయ తక్కువ. ఇంట్లో బల్ల మీద పోయినవారి ఫోటో, దాహానికి గ్లాసుడు నీళ్లు, ఉప్పు, వారికి ఇష్టమైన తినుబండారాలు పెడతారు. నేను చూసిన ఒక ఇంట్లో తాతగారి కోసం విప్పని సిగరెట్ పెట్టె కూడా ఉంది. దారి తప్పకుండా వీధి నుంచి ఆ బల్ల దాకా బంతిపూల రేకులు చల్లుతారు. మనం గుమ్మానికి తోరణం కట్టే బంతి పుట్టిల్లు ఆ దేశమే. శ్మశానాలకు కుటుంబాలతో పాటు యాత్రికులూ వెళ్తుంటారు. మీరూ వెళ్లవచ్చు, కాని సమాధి దగ్గర కూర్చున్నవారిని అడగకుండా ఫోటో తీయకండి.