గ్రాంటు వస్తుంది కానీ పిల్లలకు చదవడం రాదు: స్కూల్ కమిటీ ఏం చేయగలదు?

ఒడిశాలోని గుణుపురం దగ్గర ప్రాథమిక పాఠశాల కమిటీలో కొత్తగా చేరానని, నాలుగో తరగతి పిల్లలు ఒడియా వాక్యం కూడబలుక్కుంటున్నారని, డబ్బు ఎవరిని అడగాలని మీరు రాశారు. నేను కాశీనగర్ వైపు తల్లిని, మా బడి కమిటీలో పనిచేశాను.

ముందు మీ చేతిలో ఉన్న అధికారం తెలుసుకోండి. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. 22వ సెక్షన్ ఇంకా ముఖ్యం. బడి అభివృద్ధి ప్రణాళిక రాయాల్సింది కమిటీయే, సర్కారు ఇచ్చే గ్రాంట్లకు అదే ఆధారం. చాలా చోట్ల అది హెడ్‌మాస్టారి టేబుల్ మీదే తయారై, మన దగ్గరికి సంతకానికి మాత్రం వస్తుంది. చదవకుండా సంతకం పెట్టకండి.

సర్కారు బడులకు డబ్బిచ్చే సమగ్ర శిక్ష పథకం కింద వచ్చే కాంపోజిట్ గ్రాంటు, అంటే బడి మామూలు ఖర్చుల డబ్బు, పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. 30 మంది దాకా ఉన్న చిన్న బడికి 10,000 రూపాయలు, 31 నుంచి 100 దాకా 25,000, 101 నుంచి 250 దాకా 50,000. అందులో కనీసం పదో వంతు శుభ్రతకు పోవాలి. మిగిలింది సుద్దముక్కలు, కరెంటు బిల్లు, చిన్నాచితకా మరమ్మతులకే చాలదు. ఆ డబ్బుతో చదువు బాగుపడుతుందని ఎదురుచూస్తే ఏళ్లు గడిచిపోతాయి. బడుల వివరాలు ఎక్కించే సర్కారు ఆన్‌లైన్ రికార్డు యూడైస్‌లో పిల్లల లెక్క సరిగ్గా ఎక్కిందో లేదో మాత్రం తప్పకుండా చూడండి. 101వ పేరు నమోదు కాకపోతే గ్రాంటు సగమైపోతుంది.

చదువుకోసం అడగాలంటే "చదువు వెనకబడింది" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. మా కమిటీలోని తల్లులు, ఒక టీచరమ్మ కలిసి ప్రతి పిల్లాడి చేతా ఒడియా వాచకంలో ఒక పేరా చదివించారు. అక్షరాల దగ్గర ఆగినవాళ్లు, పదాల దగ్గర ఆగినవాళ్లు, ధారగా చదివినవాళ్లు అని మూడు జాబితాలు తీశాం. మొదటి జాబితాలో ఎక్కువమంది ఇంట్లో తెలుగో, గిరిజన భాష సవరో మాట్లాడేవాళ్లు. బడిలో ఒడియా వాళ్లకు కొత్త భాష. ఇది తెలివి లోపం కాదని కాగితం మీద పెట్టగలిగాం. రోజూ ఒక గంట పిల్లల్ని తరగతిని బట్టి కాకుండా చదివే స్థాయిని బట్టి కూర్చోబెట్టమని తీర్మానం చేశాం, దానికి పైసా ఖర్చు లేదు. పాఠం మొదట తెలుగులో చెప్పి తర్వాత ఒడియాకు తీసుకెళ్లేందుకు ప్లస్ టూ చదివిన ఊరి అమ్మాయి ఒకతె ముందుకొచ్చింది. ఆ పిల్లలు నోరు తెరిచి మాట్లాడ్డం మొదలుపెట్టారు. నాకు ఇప్పటికీ ఆ బడి మీద నమ్మకం అందుకే.

ఖర్చున్న వాటిని అప్పుడు అడిగాం. ప్రాథమిక బడికి లైబ్రరీ గ్రాంటు 5,000 ఉంటుంది, దాంతో పెద్ద అక్షరాల కథల పుస్తకాలు. మూడో తరగతికల్లా చదవడం, లెక్కలు రావాలనే కేంద్ర కార్యక్రమం నిపుణ్ భారత్ 2021 నుంచి నడుస్తోంది కాబట్టి, టీచర్ శిక్షణ, చదువు సామగ్రి ఆ పద్దులో రాశాం. పూర్వ విద్యార్థుల విరాళాలకు ఒడిశా సర్కారు 2017లో 'మో స్కూల్' (నా బడి) పేరుతో మొదలుపెట్టిన దారి కూడా ఉంది. మీ ఊరి వాళ్లు విశాఖలోనో, సూరత్‌లోనో స్థిరపడి ఉంటే అడగండి.

ఇదంతా డిసెంబరు లోపు అయిపోవాలి. బ్లాకు, జిల్లా, రాష్ట్రం దాటి ఢిల్లీ ఆమోదానికి వెళ్లే వార్షిక ప్రణాళిక ఆ తర్వాతి నెలల్లోనే కూర్చబడుతుంది, మార్చిలో వెళ్తే మళ్లీ ఏడాది ఆగాలి. ప్రణాళిక రెండు కాపీలు తీసి, ఒకదాని మీద సీఆర్‌సీసీ (మన చుట్టుపక్కల బడులను చూసే క్లస్టర్ కోఆర్డినేటర్) చేత తేదీతో సంతకం చేయించి మీ దగ్గరే ఉంచుకోండి.