ఆ నవ్వులో మీరు కలవకండి

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. ఇంటర్ అవగానే పెళ్లి చేశారు. మావారిది ప్రభుత్వ ఉద్యోగం. అమ్మాయి హైదరాబాద్‌లో బీటెక్, అబ్బాయి ఇంటర్. షుగరున్న అత్తగారు మాతోనే ఉంటారు. మొన్న బంధువుల గృహప్రవేశంలో ఎవరో నేనేం చేస్తుంటానని అడిగితే మావారు ‘ఏం చేస్తుంది, తిని కూర్చుంటుంది’ అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. అమ్మాయి కూడా ఏదడిగినా ‘నీకు తెలీదులే అమ్మా’ అంటుంది. బ్యాంకుకెళ్తే నోరు పెగలదు. తీరిక దొరికితే అపార్ట్‌మెంటులో వాళ్ల చీరలకు ఫాల్స్ కుడుతుంటాను, డబ్బులు తీసుకోను. ఒక్కోసారి నేనుండి ఏం లాభం అనిపిస్తుంది. ఉద్యోగం చేస్తే గౌరవం వస్తుందా? మీ విలువైన సమయం వృథా చేస్తున్నందుకు క్షమించండి.

జవాబు: మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది మీవారి మాట దగ్గర కాదు, ‘నేనూ నవ్వాను’ అన్నచోట. తప్పు మీదని అనడం లేదు. నలుగురిలో ఆయన పరువు పోకూడదని, శుభకార్యంలో గొడవ కాకూడదని నవ్వేసి ఉంటారు. కానీ ఆ నవ్వుతో ఆయన మాట నిజమేనని మీరూ ఒప్పుకున్నట్టయింది. బాత్రూంలో వచ్చిన ఏడుపు సగం అందుకేనని నా అనుమానం.

ఒక సంగతి అడుగుతాను. దోసెలు వేసిన రోజు మీరు తినేది ఏ దోసె? పెనానికి అంటుకుని చిరిగిన మొదటిదీ, గిన్నె అడుగు గీకి వేసిన ఆఖరిదీ, అవునా? అప్పటికి చట్నీ అయిపోతుంది, కాస్త కారప్పొడితో, అదీ పొయ్యి దగ్గర నిలబడే కానిచ్చేస్తారు. అలా తినమని మీకెవరూ చెప్పలేదు. మీవారు బయట ఒక్కసారి అన్న మాటని మీరు పొద్దున్నే మీ పళ్లెంలో వడ్డించుకుంటున్నారు. షుగరున్న మనిషి కాబట్టి అత్తగారికి వేళకు పెట్టాల్సిందే. తరవాతి రెండూ మీరు వేసుకుని, కూర్చుని, వేడిగా తినండి. మిగతావాళ్లు పది నిమిషాలు ఆగితే ఏమీ కాదు. నవ్వులాటకి చెప్పడం లేదు, నిజంగానే అక్కడ మొదలుపెట్టండి.

ఇక ‘తిని కూర్చోవడం’ గురించి. 2019లో మన దేశంలో ఎవరి సమయం దేనికి పోతోందో ప్రభుత్వం సర్వే చేసింది. ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు దానికే వెచ్చిస్తుంటే, చేసే మగవాళ్లు 97 నిమిషాలు. పెద్దవాళ్లనీ పిల్లల్నీ చూసుకునే పని ఇందులో లేదు, దాని లెక్క వేరు. 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఒక రోడ్డు ప్రమాదం కేసులో గృహిణి పనికీ ఆదాయం లెక్కగట్టాల్సిందేనన్నప్పుడు, జస్టిస్ ఎన్.వి. రమణ ఈ అంకెలనే ఉదహరించారు. ఇల్లాలు పోయాక గానీ ఆవిడ పనికి వెల కట్టే అవసరం రాకపోవడం చేదుగానే ఉంటుంది, అయినా కట్టారు కదా. ఈ లెక్కలు తీసుకెళ్లి మీవారితో వాదించమనడం లేదు. అంకెలతో మొగుణ్ని గెలిచిన భార్యని నేనింతవరకు చూడలేదు. ఇవి మీ కోసం.

ఆయనతో మాట్లాడాలి, కానీ అందరిముందూ వద్దు. ఆయన స్థిమితంగా ఉన్నప్పుడు, ‘ఏమండీ, ఆ రోజు నలుగురిలో మీరన్న మాటకి నాకు చాలా బాధేసింది. ఇంకెప్పుడూ అలా అనొద్దు’ అనండి. అంతే. ఇరవై ఏళ్ల చిట్టా విప్పొద్దు. ‘జోకు కూడా అర్థం కాదా’ అంటారు, తొంభై పాళ్లు అదే అంటారు. ‘అర్థమైంది, అందుకే చెబుతున్నా’ అని లేచి వెళ్లిపోండి. మళ్లీ ఎక్కడైనా అంటే నవ్వొద్దు, ఏడవొద్దు, ఆయన ముఖంలోకి ఊరికే చూడండి. పక్కన మీ నవ్వు లేకపోతే ఆ జోకు తేలిపోతుంది. అమ్మాయి సంగతి తేలిక. ‘అవును తెలీదు, చెప్పు’ అని పక్కన కూర్చోండి.

ఉద్యోగం మీకు చెయ్యాలనుంటే చెయ్యండి. గౌరవం కోసమే అయితే మాత్రం ఆలోచించాలి. జీతం మొత్తం ఇంట్లో ఇచ్చేసి ఆటో ఛార్జీకి చెయ్యి చాచే టీచర్లు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. ఆత్మగౌరవాన్ని కొలవడానికి అమెరికా సామాజిక శాస్త్రవేత్త మోరిస్ రోజెన్‌బర్గ్ 1965లో పది వాక్యాలు తయారుచేస్తే మానసిక నిపుణులం ఇప్పటికీ వాడుతున్నాం. అందులో జీతం ఊసు లేదు, డిగ్రీ ఊసు లేదు. ఇతరులతో సమానంగా నాకూ విలువుందని అనుకుంటున్నానా అన్నది మాత్రం ఉంది.

అలాగని చేతిలో సొంత డబ్బు అక్కర్లేదనను. ఫాల్స్‌కి డబ్బులు తీసుకోండి. మీ వీధి టైలరు ఎంత తీసుకుంటే అంతే. చీర పుచ్చుకునేటప్పుడే చెప్పాలి, తిరిగిచ్చేటప్పుడు అడగబోతే ‘దానికేముందిలే వదినా’ అని నోట్లోంచి వచ్చేస్తుంది. ఆ డబ్బు మీ పేరుమీదున్న ఖాతాలో మీరే వెయ్యండి, చలానా మీరే రాయండి. ఒకటి తప్పైతే ఇంకోటి తీసుకోండి. బ్యాంకులో నోరు పెగలకపోవడానికి ఇదే మందు.

‘నేనుండి ఏం లాభం’ అన్నారే, ఆ మాటని నేను తేలిగ్గా వదల్లేను. ఆ ఆలోచన తరచూ వస్తున్నా, రెండు వారాలుగా నిద్ర, ఆకలి సరిగా లేకపోయినా మానసిక వైద్యుల్ని కలవండి. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆలస్యం చెయ్యొద్దు, వెంటనే కలవండి. ఈలోపు మానసిక సమస్యల కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్యండి. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

నెలరోజుల తరవాత మళ్లీ రాయండి. చివర్లో ఆ క్షమాపణ వాక్యం మాత్రం రాయకండి.