కలంకారీ బార్డర్ చప్పగా వస్తోందన్న ప్రశ్నకు

తిరుపతిలో ఉంటూ చీరకి కలంకారీ బార్డర్ డిజైన్ గీస్తున్నానని, ఫోన్‌లో ఫొటోలు చూసి ఎంత గీసినా చప్పగానే వస్తోందని అడిగారు. ఫొటోలు చూసి మాత్రమే గీస్తున్నారు, అందుకే ఎన్నిసార్లు మార్చినా మీ చీర బార్డర్‌కి ప్రాణం రావడం లేదు. రంగులు మార్చి లాభం లేదు.

1. తిరుపతిలోనే ఉన్నారు కాబట్టి శ్రీకాళహస్తి వెళ్లి, కలంకారీ వేసేవాళ్ల దగ్గర కాసేపు కూర్చోండి.

2. అందరూ వదిలేసేది ఇదే: వాళ్లను అడిగి, కళ్లు మూసుకుని గుడ్డ తడమండి, వాసన చూడండి. కరక్కాయ, గేదెపాలలో నానబెట్టిన గుడ్డ అది. వెదురు కలానికి చుట్టిన ఉన్నిని వేళ్లతో నొక్కితేనే రంగు దిగుతుంది. నొక్కు మారితే గీత కూడా మారుతుంది. నల్లరంగు బెల్లం, తుప్పు ఇనుము ఊరబెట్టి చేస్తారు, దాని వాసన కూడా పట్టుకోండి. తోచిన మాటలు అక్కడే రాసుకోండి. ఫొటోలు ఆ తర్వాతే.

3. ఇంటికొచ్చాక ఒక్క మాట తీసుకుని చేత్తో గీయండి. ‘గరుకు’ అని రాసుకుంటే గీత అంచు అలాగే ఉంచండి, కంప్యూటర్‌లో నున్నగా దిద్దొద్దు.