తల తెగినా బొద్దింక బతుకుతుంది కదా, కీటకాలకు నిజంగా మెదడు ఉన్నట్టేనా?

ఉంది. కీటకం తలలో, ఆహారవాహికకు పైన, మూడు జతల నాడీసంధులు (నాడీకణాల ముద్దలు) కలిసిపోయి ఏర్పడిన మెదడు ఉంటుంది. మొదటి భాగం కళ్ల నుంచి, రెండోది స్పర్శశృంగాల (తలమీది మీసాల) నుంచి వచ్చే సమాచారాన్ని అందుకుంటే, మూడోది పై పెదవితోనూ జీర్ణనాళపు ముందు భాగంతోనూ సంబంధం కలిగి ఉంటుంది. అయితే కాళ్లను, రెక్కలను ఆడించే పని చాలావరకు వక్షంలోని నాడీసంధులదే. పైగా కీటకం శ్వాసించేది శరీరం పక్కనున్న రంధ్రాలతో కాబట్టి, తల లేని బొద్దింక కొన్నాళ్లు బతకడంలో వింత లేదు.

మెదడులో నన్ను అన్నిటికన్నా ఆకర్షించేవి, 1850లో ఫ్రెంచి జీవశాస్త్రజ్ఞుడు ఫెలిక్స్ డ్యుజార్డాన్ వర్ణించిన పుట్టగొడుగు ఆకారపు భాగాలు. వాసనలను అనుభవంతో జోడించి గుర్తుంచుకునేది ప్రధానంగా ఇవే. తేనెటీగ మెదడులో ఉన్న సుమారు 10 లక్షల నాడీకణాల్లో దాదాపు మూడో వంతు వీటికే చెందుతాయి.

ఇక పరిణామం సంగతి. సాలీళ్లకు స్పర్శశృంగాలు లేవు కనుక వాటి మెదడులో రెండో భాగమే లోపించిందని చాలాకాలం భావించారు. కానీ వాటి కోరలున్న ఖండం కీటకాల స్పర్శశృంగ ఖండానికి సమానమైనదని, అంటే ఆ రెండో భాగం సాలీళ్లకూ ఉందని, శరీరంలో ఏ ఖండం ఏ అవయవంగా మారాలో నిర్ణయించే హాక్స్ జన్యువులపై 1998లో వెలువడిన అధ్యయనాలు చూపాయి. చైనాలోని యునాన్‌లో దొరికిన, సుమారు 52 కోట్ల ఏళ్ల నాటి ఫుక్సియాన్‌హుయా అనే అంతరించిన కీళ్లకాళ్ల జీవి శిలాజంలోనూ మూడు భాగాల మెదడు ఆనవాళ్లు ఉన్నాయని 2012లో పరిశోధకులు ప్రకటించారు. అంత మెత్తని కణజాలం శిలలో నిలుస్తుందా అన్న వాదం ఉన్నందున, మూడు భాగాల మెదడు కీటకాలకూ సాలీళ్లకూ ఉమ్మడిదనడానికి జన్యువుల సాక్ష్యమే బలమైనదని నా అభిప్రాయం.